మూడువందల పద్దెనిమిది మందికి నాన్న

"ఈ పిల్లలు అనాథలని ఎవరన్నారు? అన్నవాళ్ళని నోరు కడుక్కోమనండి. ఈ క్షణం నుంచి వీళ్ళ నాన్నను నేను."

సంక్షేమ శాఖ మంత్రిగారు ఈ మాట అన్నది సోమవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు. ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నానంటే, ఆ మాట నా మైకులోంచే లోకానికి వెళ్ళింది. ఊళ్ళో ఏ సభ జరిగినా మైకు సెట్టు నాదే. సభ మొదలయ్యే ముందు "హలో, హలో" అంటాను గనక జనం నన్ను 'హలో గారు' అంటారు. అసలు పేరు మా ఆవిడకి కూడా అంతగా గుర్తుండదు. పాతికేళ్ళలో ఎందరో మంత్రుల తుంపర్లు నా మైకుల మీద పడ్డాయి. కానీ ఒక్క వాక్యంతో మూడువందల పద్దెనిమిది మంది పిల్లలకు తండ్రి అయిన మహానుభావుణ్ణి చూడటం ఇదే మొదలు.

మూడువందల పద్దెనిమిది లెక్క ఏమిటంటే, సర్కారు బాలల గృహాల్లో పెరిగి, పద్దెనిమిదేళ్ళు నిండగానే బయటికి వచ్చి, ఇప్పుడు యూనివర్సిటీల్లో చదువుకుంటున్నవాళ్ళు అంతమంది. వాళ్ళకి నెలనెలా ఒక స్టైపెండు ఉండేది. చిన్నదే, కానీ వేళకి వచ్చేది. దాని లోపం కూడా అదే. వేళకి వచ్చేదాని గురించి పేపర్లో ఎవరూ రాయరు. అందుకని మంత్రిగారు దూరదృష్టితో ఆలోచించి, దాన్ని ఆపేసి, 'నాన్న నీడ' అనే మహా పథకం ప్రకటించారు. పాతది ఆ సోమవారమే ఆగిపోయింది. కొత్తది త్వరలో మొదలవుతుందన్నారు.

వేదిక మీద మంత్రిగారి పక్కన నిలబెట్టడానికి ఒక పిల్ల కావాలంటే, తాళాలమ్మాయిని ఎక్కించారు. బాలల గృహంలో పెద్దపిల్లగా ఉన్నన్నాళ్ళూ స్టోరు రూము తాళాల గుత్తి ఈ పిల్ల నడుముకే వేలాడేది, ఆ పేరు అలా వచ్చింది. ఏటా అక్కడ వార్షికోత్సవానికి మైకు కట్టడానికి వెళితే, ఎక్స్‌టెన్షన్ వైరు కోసం తాళం తీసి పెట్టేది ఈ పిల్లే. ఏడేళ్ళ వయసు నుంచీ నన్ను బాబాయ్ అని పిలుస్తుంది. పద్దెనిమిది నిండిన రోజు సాయంత్రం ఐదింటికి ఆ తాళాలు ఆఫీసులో అప్పజెప్పి, ఒక ట్రంకుపెట్టె పట్టుకుని గేటు దాటి బయటికి వచ్చింది.

మంత్రిగారు ఆ పిల్ల తల మీద చెయ్యి వేశారు. ఫొటోలు అయ్యేదాకా తీయలేదు.

"ఏం చదువుతున్నావమ్మా?"

"జియాలజీ అండి. ఆఖరి ఏడాది."

"మంచిది. మూగజీవాల మీద దయ ఉండాలి."

"రాళ్ళండి. జియాలజీ అంటే రాళ్ళు, భూమి పొరలు."

"రాళ్ళ మీద కూడా దయ ఉండాలి," అన్నారు మంత్రిగారు. ఈ సమయస్ఫూర్తి అందరికీ రాదు.

సభ అయ్యాక నేను వైర్లు చుడుతుంటే ఆ పిల్ల రెండో కొస పట్టుకుంది.

"బాబాయ్, ఈ 'త్వరలో' అంటే ఎప్పుడు?"

"పెద్దవాళ్ళ 'త్వరలో' కదమ్మా, చెప్పలేం."

"వచ్చే నెల ఇరవై ఎనిమిదిలోపు పరీక్ష ఫీజు, హాస్టలు బాకీ కట్టాలి. కట్టకపోతే హాల్ టికెట్ ఇవ్వరు. ఏడాది పోతుంది."

ఏడాది పోతే మళ్ళీ రాసుకోవచ్చులే అని ఎవరికైనా చెప్పవచ్చు. ఈ పిల్లకి చెప్పలేం. ఏడాది పోతే హాస్టల్లో గది పోతుంది. గది పోతే ఆ ట్రంకుపెట్టె పెట్టుకోవడానికి ఈ భూమ్మీద ఇంకో చోటు లేదు. ఆ సంగతి ఆమె చెప్పలేదు. వైరు చుట్టి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

రెండో రోజు శాఖ డైరెక్టరు గారు నన్ను రికార్డింగుతో సహా రమ్మన్నారు. మంత్రుల మాట ఆచరణలో పెట్టడంలో ఆయనకు ఆయనే సాటి. లోగడ ఒక మంత్రి ఏదో సభలో "మా ప్రగతికి ఆకాశమే హద్దు" అంటే, ఆ హద్దు ఎక్కడుందో కొలిచి చెప్పమని సర్వే శాఖకి లేఖ రాసిన మనిషి. జవాబు ఇంకా రాలేదట. మూడు రిమైండర్లు పంపారు.

గదిలో ఆయన, స్టెనో, నేను, నా టేపు.

"ఆ వాక్యం వెయ్యి," అన్నారు. వేశాను.

"'నాన్నను నేను' అన్నారా, 'నాన్నలాంటివాణ్ణి నేను' అన్నారా?"

"నాన్నను నేను అన్నారండి."

"మళ్ళీ వెయ్యి." మళ్ళీ వేశాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. "'లాంటి' లేదు. లేని మాట చేర్చే అధికారం మనకి లేదు. ఆ తర్వాత చప్పట్లు ఎంతసేపు?"

లెక్కపెట్టి చెప్పాను. "తొమ్మిది సెకన్లండి."

"రాసుకోమ్మా," అన్నారు స్టెనోతో. "తొమ్మిది సెకన్ల పాటు ప్రజామోదం లభించినది."

వారంలో సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట ఏ కాగితంలోనూ అనాథ అనే మాట వాడరాదు. పథకం కింద దరఖాస్తు చేసే ప్రతి విద్యార్థి ఫారంలోనూ తండ్రి పేరు దగ్గర మంత్రిగారి పేరు, శాశ్వత చిరునామా దగ్గర మంత్రిగారి బంగళా చిరునామా ముందే అచ్చువేసి ఇవ్వాలి. విద్యార్థి చేత్తో రాస్తే తప్పులు దొర్లవచ్చు కదా. ఆ ఫారాలు ఎంత మంచి కాగితం మీద వేశారంటే, నేను ఒకటి తెచ్చుకుని ఇంట్లో దాచుకున్నాను.

తాళాలమ్మాయి ఫారం నింపుకుని వచ్చిన రోజు నేను ఆ ఆఫీసులోనే ఉన్నాను. మీటింగు హాల్లో స్పీకర్ ఒకటి కీచుమంటోందని పిలిచారు. ఆ కౌంటర్లో కూర్చునే గుమాస్తా సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. నిబంధనల పుస్తకం ఆయనకి నోటికి వచ్చు. పాత స్టైపెండు రోజుల్లో ఏటా ఈ పిల్లల్ని ఒక కాగితం అడిగేవాడు: తండ్రి మిమ్మల్ని వదిలేసినట్టు తండ్రి సంతకంతో పత్రం. ఉండదని ఆయనకి తెలుసు. అయినా అడిగేవాడు, ఎందుకంటే పుస్తకంలో ఉంది. లేదంటే, "తర్వాత సమర్పించవలెను" అని ఎర్ర ఇంకుతో రాసి స్టైపెండు ఇచ్చేసేవాడు. మనిషి అటువంటివాడు.

ఈసారి ఫారం తిప్పి చూసి అన్నాడు, "నాన్నగారి ఆదాయ ధ్రువపత్రం ఏదమ్మాయ్?"

"ఏ నాన్నగారిది సార్?"

"అచ్చులో ఉన్న నాన్నగారిది."

"మంత్రిగారి ఆదాయం నేనెక్కడ తేవాలి సార్? ఆయన ఆదాయం ఇంత అంటే నాకు స్కాలర్‌షిప్ ఇస్తారా?"

"ఇవ్వరు. కానీ కాగితం ఉండాలి."

అంతటితో అయిపోయిందనుకున్నాను నేను. ఆ పిల్ల మాత్రం రెవెన్యూ ఆఫీసుకి నడిచి వెళ్ళింది. వెళ్ళి రెండు రోజుల్లో కాగితం తెచ్చింది. అక్కడివాళ్ళు మంత్రిగారు ఎన్నికల్లో దాఖలు చేసిన ప్రమాణపత్రం తీసి చూశారట. మంత్రిగారికి సొంత ఇల్లు లేదు. కారు లేదు. పొలం లేదు. ఉన్నదల్లా ఒక చేతి గడియారం, అది కూడా మామగారు పెట్టింది. ఆయన సాలుసరి ఆదాయం, ఆ ఆఫీసు ఊడ్చే ఆవిడ ఆదాయం కన్నా తక్కువ తేలింది. ఆ ఊడ్చే ఆవిడ అక్కడే ఉండి విని, "అయ్యో, పైకి అలా కనబడరు పాపం," అని నిజంగానే బాధపడిందట.

గుమాస్తా ఆ కాగితం చూసి తల పంకించాడు. "ఆదాయ పరిమితిలోనే ఉన్నారు. సరిపోయింది." అని పేజీ తిప్పాడు. తిప్పి ఆగాడు.

"ఏమైంది సార్?"

"పన్నెండో నిబంధన. ఒక కుటుంబానికి ఒక్క లబ్ధిదారు. మీరంతా ఒకే తండ్రి పిల్లలు. ఒక కుటుంబం."

"మూడువందల పద్దెనిమిది మందిమి సార్."

"పెద్ద కుటుంబం," అన్నాడు గుమాస్తా. "అటువంటప్పుడు అందరిలోకీ పెద్దవాళ్ళకి ఇవ్వాలని ఉంది."

"పెద్దవాళ్ళెవరు సార్? ఫార్మసీలో ఒకక్క ఉంది, ఇరవై మూడు."

గుమాస్తా రిజిస్టరు చూసి, గొంతు కొంచెం తగ్గించాడు. "మీ అన్నయ్య ఉన్నాడు. ఇరవై ఏడు. దరఖాస్తు నిన్ననే వచ్చింది."

అన్నయ్య అంటే మంత్రిగారి అబ్బాయి. చిన్నసారు అంటారు అందరూ. మూడేళ్ళ కోర్సులో ఏడో ఏడు చదువుతున్నాడు. చదువు మీద అంత మమకారం ఉన్న కుర్రాళ్ళు ఈ రోజుల్లో అరుదు. ప్రభుత్వ నివాసంలో, ప్రభుత్వ సిబ్బంది సంరక్షణలో కనీసం మూడేళ్ళు పెరిగి ఉండాలన్న షరతు కూడా ఆయనకు అతికినట్టు సరిపోయింది. బంగళా ప్రభుత్వానిది, వంటవాడు ప్రభుత్వం వాడు, బడికి దింపిన డ్రైవరూ ప్రభుత్వం వాడే. పదిహేనేళ్ళకి సాక్ష్యాలతో సహా పెట్టాడు.

"మరి నాకు వేరే దారే లేదా సార్?" అంది తాళాలమ్మాయి.

గుమాస్తా పాత పుస్తకం తీశాడు, దుమ్ము ఊదాడు. "నాలుగో నిబంధన అని ఒకటుంది. తండ్రి పేరు తెలిసి, ఆ తండ్రే నాకు సంబంధం లేదని సంతకం పెట్టి రాసిస్తే, ఫీజు, హాస్టలు మొత్తం ప్రభుత్వమే నేరుగా యూనివర్సిటీకి ఒక్కసారే కట్టేస్తుంది. నా సర్వీసులో ఒక్కరు కూడా ఆ కాగితం తేలేదు. నేను ఏటా అడిగేది దాని కోసమే."

"వదిలేసి వెళ్ళినవాళ్ళు కాగితం రాసి పెట్టి వెళ్ళరు సార్."

"తెలుసమ్మాయ్," అన్నాడు గుమాస్తా. ఆ రోజు ఆయన ఎర్ర ఇంకు పెన్ను తెరవలేదు. ఆ పాత స్టైపెండే లేదు కదా, ఏమని రాస్తాడు.

మొదటి, ఏకైక స్కాలర్‌షిప్ ఇచ్చే సభ ఘనంగా జరిగింది. మంత్రిగారు తండ్రి హోదాలో ఒక చేత్తో ఇచ్చారు, చిన్నసారు కొడుకు హోదాలో రెండు చేతులా అందుకున్నాడు. "సొంత కొడుకైనంత మాత్రాన వాడికి అన్యాయం చేసే మనిషిని కాను నేను," అన్నారు మంత్రిగారు గద్గదంగా. నా వెనక కూర్చున్న ఒక పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. మిగిలిన మూడువందల పద్దెనిమిది మంది తరఫున, చెల్లెలిగా, తాళాలమ్మాయిని నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు. మైకు ఎత్తు సరిచేసి ఇచ్చాను.

"అన్నయ్య బాగా చదువుకోవాలి," అంది. "ఈసారైనా."

దిగి వచ్చి నా పక్కన, యాంప్లిఫయర్ వెనక కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. మైకు వాడికి ఒళ్ళు మండితే చేసేదేముంది, వాల్యూమ్ తగ్గిస్తాడు. తగ్గించాను. వెంటనే మంత్రిగారి పి.ఎ. వచ్చి పెంచమన్నాడు. పెంచాను.

ఇరవై ఆరో తారీఖు పొద్దున్నే యూనివర్సిటీ హాస్టలు వార్డెనమ్మ ఫోను చేసి నన్ను రప్పించింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. సెలవుల్లో హాస్టలు మూసేసినప్పుడు, వెళ్ళే ఇల్లు లేని ఈ పిల్లల్ని రిజిస్టరులో 'నీళ్ళ మోటారు రిపేరు పర్యవేక్షణ' అని రాసి ఉండనిచ్చేది. రెండేళ్ళలో ఆ మోటారు తొమ్మిదిసార్లు చెడిపోయింది. కానీ ఇప్పుడు ఆవిడ చేతిలో యూనివర్సిటీ ఉత్తర్వు ఉంది. నెల బాకీ దాటిన విద్యార్థుల్ని, సామానుతో సహా, తండ్రి చిరునామాకి చేర్చాలి.

"ఇన్నాళ్ళూ వీళ్ళకి చిరునామా లేదు, అందుకని నేనూ ఎక్కడికీ పంపలేదు," అంది వార్డెనమ్మ నా ముందే కళ్ళు ఒత్తుకుంటూ. "ఇప్పుడు అచ్చువేసి ఉంది. నేనేం చెయ్యను? మీ బండిలో కాస్త దింపి రండి హలో గారూ. ఆయన పెద్దమనిషి, కాదనడు."

ఆ హాస్టల్లో పథకం పిల్లలు పదకొండు మంది. పదకొండు పెట్టెలు, పదకొండు పరుపుచుట్టలు నా మైకు బండిలో సర్దాం. తాళాలమ్మాయి ట్రంకుపెట్టె ఎత్తడానికి నలుగురు పట్టారు.

"ఏముందే ఇందులో?"

"నా ప్రాజెక్టు బాబాయ్. జాగ్రత్త, వరస తప్పితే నంబర్లు కలిసిపోతాయి."

మంత్రిగారి బంగళా ముందు పచ్చగడ్డిలో కుర్చీలు వేసి ఉన్నాయి. విలేకరులతో వారం వారం జరిపే ఇష్టాగోష్ఠి ఆ పూటే. మంత్రిగారు, డైరెక్టరు గారు, పదిమంది విలేకరులు కూర్చుని టీ తాగుతున్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు మా బండి ఆపాడు.

"ఎవరు మీరు?"

"మంత్రిగారి పిల్లలం," అంది తాళాలమ్మాయి, ఫారం చూపిస్తూ. మిగతా పదిమందీ తమ ఫారాలు పైకెత్తారు. సీలు ఉంది, అచ్చులో పేరు ఉంది, చిరునామా గేటు మీద బోర్డుతో అక్షరం అక్షరం సరిపోయింది. గార్డు పాపం ఏం చేస్తాడు, పెట్టెలు తనిఖీ చేయాలన్నాడు. మొదటగా బరువైనది తెరిచాడు.

తెరిచి, రెండడుగులు వెనక్కి వేసి, వాకీటాకీ అందుకున్నాడు. "సార్, పెట్టె నిండా రాళ్ళు. నంబర్లేసి తెచ్చారు."

"నంబర్లు ఎందుకు?" అని అవతలి గొంతు.

"ఏ రాయి ఎవరికో ముందే రాసుకున్నట్టున్నారు సార్. పది దాకా విలేకరులకి అనుకున్నా, ఇక్కడ అరవై నాలుగు దాకా ఉన్నాయి."

విలేకరులు కుర్చీలు వెనక్కి జరుపుకున్నారు. తాళాలమ్మాయి ఒక రాయి చేతిలోకి తీసుకుని, ఇది ఇన్ని కోట్ల సంవత్సరాల నాటిది, ఫలానా కొండ దగ్గర తీశాను, ఈ పొడ చూస్తే ఇందులో ఫలానా ఖనిజం ఉన్నట్టు తెలుస్తుంది అని గార్డుకి చెప్పడం మొదలుపెట్టింది. గార్డు మూడో రాయికి వచ్చేసరికి ఆసక్తిగా వింటున్నాడు. ఈ గొడవకి లోపలినుంచి మంత్రిగారి భార్య బయటికి వచ్చింది. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదని అంటారు.

"ఎవరమ్మా మీరు?"

"మీ వారి పిల్లలమండి."

"ఎంతమంది?"

"ఇప్పటికి పదకొండు మందిమండి. మిగతా హాస్టళ్ళవాళ్ళు సాయంత్రానికి వస్తారు. మొత్తం మూడువందల పద్దెనిమిది."

ఆవిడ నెమ్మదిగా భర్త వైపు తిరిగింది. "ముప్పై ఏళ్ళుగా మీటింగు, మీటింగు అంటే ఏమిటో అనుకున్నాను."

"నేను మాటవరసకి అన్నానే," అన్నారు మంత్రిగారు.

"మాటవరసకి అన్నట్టు మినిట్స్‌లో లేదండి," అన్నారు డైరెక్టరు గారు లేచి నిలబడి. "తొమ్మిది సెకన్ల ప్రజామోదం మాత్రం ఉంది."

"కాదని రాసివ్వండి," అంది ఆవిడ. "ఇప్పుడే, ఇక్కడే, నా కళ్ళముందే. ఒక్కొక్కరికి విడివిడిగా. అందరికీ కలిపి రాస్తే ఎవరో ఒకరు మిగిలిపోతారు."

డైరెక్టరు గారు ముసాయిదా చెప్పారు, స్టెనోని పిలిపించి టైపు చేయించారు. 'ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, ఫారంలో తండ్రిగా పేర్కొనబడిన నేను, పై వ్యక్తిని నా సంతానంగా అంగీకరించడం లేదు. వారి పోషణ, చదువు, భవిష్యత్తుతో నాకెట్టి సంబంధమూ లేదు.' కింద సంతకం, సీలు, సాక్షిగా డైరెక్టరు గారి సంతకం. మూడువందల పద్దెనిమిది ప్రతులు. నా బండిలోని మడత బల్ల తెచ్చి వేశాను. మంత్రిగారు తల ఎత్తకుండా రెండున్నర గంటలు సంతకాలు చేశారు. ఆ పథకం మొదలయ్యాక ఆయన అంత దీక్షగా చేసిన పని ఇంకోటి నేను చూడలేదు. చివర్లో వేలు వాస్తే వంటవాడు వేణ్ణీళ్ళ గుడ్డ తెచ్చి కట్టాడు. విలేకరులు అది కూడా రాసుకున్నారు.

ఎవరి కాగితం వాళ్ళకి ఇచ్చి, మిగతావి కట్ట కట్టి నా బండిలో వేసి, పిల్లల్ని ఎక్కడినుంచి తెచ్చావో అక్కడికే తీసుకుపొమ్మన్నారు. తాళాలమ్మాయి నా పక్క సీట్లో కూర్చుని తన కాగితం చదువుకుంది. ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివింది.

"మొదటాయన చెప్పకుండా వెళ్ళిపోయాడు బాబాయ్," అంది. "ఈయన మర్యాదస్తుడు. రాసిచ్చాడు."

నవ్వింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు. ఈ పిల్ల ఏనాడూ ఎవర్నీ నాన్నా అని పిలిచి ఎరగదు. ఎవరో వచ్చి నేనున్నానని తలమీద చెయ్యి పెట్టి, ఏడు వారాలు తిరక్కుండా సీలు వేసి మరీ నువ్వు నాకేం కావన్నాడు. మిగతా పదిమంది వెనక పెట్టెల మీద కూర్చుని తమ తమ కాగితాలు చూసుకుంటున్నారు.

ఉన్నట్టుండి తాళాలమ్మాయి కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"బాబాయ్, బండి ఆఫీసుకి తిప్పు."

"అక్కడేముందే ఇంకా?"

"నాలుగో నిబంధన."

గుమాస్తా మధ్యాహ్నం భోజనం డబ్బా అప్పుడే మూస్తున్నాడు. కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదివాడు. లేచి నిలబడ్డాడు. నిలబడి మళ్ళీ చదివాడు. ఫారంలో తండ్రి పేరు, కాగితంలో తండ్రి పేరు పక్కపక్కన పెట్టి వేలు పెట్టి సరిచూశాడు. సంబంధం లేదన్న వాక్యం ఉందా, ఉంది. సంతకం ఉందా, ఉంది. అధికారి సాక్ష్యం ఉందా, సాక్షాత్తూ డైరెక్టరు గారిదే.

"లోపం లేదు," అన్నాడు, తన కళ్ళని తానే నమ్మనట్టు. "ముప్పై ఒక్క ఏళ్ళలో మొట్టమొదటిది."

"ఆ నిబంధన ఇంకా ఉందా సార్? కొత్త పథకంతో పాతవన్నీ రద్దయ్యాయన్నారు."

"వాడినవాళ్ళుంటే కదమ్మాయ్ రద్దు చేయాలన్న గుర్తు వచ్చేది."

బీరువాలోంచి ఒక స్టాంపు తీశాడు. దాని ప్యాడు ఎండిపోయి పెచ్చుకట్టి ఉంది. మంచినీళ్ళ గ్లాసులోంచి రెండు చుక్కలు పోసి, వేలితో మెత్తగా చేసి, స్టాంపు అద్ది, ఊపిరి బిగబట్టి ఫారం మీద వేశాడు. 'ఆమోదించడమైనది.' అక్షరాలు కొంచెం అలికినట్టు పడ్డాయి కానీ చదవడానికి వస్తున్నాయి. అప్పుడు తల ఎత్తి మిగతా పదిమందిని చూసి, "వరసలో నిలబడండి," అన్నాడు.

ఆ సాయంత్రం ఎవరూ అడక్కుండానే, కిరాయి లేకుండానే, నా బండికి రెండు స్పీకర్లు కట్టి హాస్టలు హాస్టలుకీ తిరిగాను. "హలో, హలో. మంత్రిగారు వదిలేసిన పిల్లలకు ముఖ్య గమనిక. మీ మీ పత్రాలు నా దగ్గర ఉన్నాయి. వచ్చి తీసుకుని రేపు ఉదయం ఆఫీసులో ఇవ్వండి." నా జన్మలో మైకులో నేను చెప్పిన మాట ఇంత పనికొచ్చింది ఇదొక్కసారే. గుమాస్తా ఇరవై ఏడున రాత్రి ఎనిమిదింటికి గానీ కుర్చీలోంచి లేవలేదట. ఇరవై ఎనిమిది మధ్యాహ్నానికి మూడువందల పద్దెనిమిది మంది ఫీజులూ యూనివర్సిటీలకి చేరాయి. చిన్నసారు స్కాలర్‌షిప్‌కి కూడా ఇబ్బంది రాలేదు. ఆ కుటుంబంలో ఇప్పుడు ఆయన ఒక్కడే.

ఇంత పని జరిగాక మంత్రిగారికి తెలియకుండా ఉంటుందా. పది రోజులు తిరక్కుండా విజయోత్సవ సభ పెట్టారు. పిల్లలందర్నీ బస్సుల్లో తెచ్చి మొదటి వరసల్లో కూర్చోబెట్టారు. వేదిక వెనక మంత్రిగారు సంతకం చేస్తున్న నిలువెత్తు ఫొటో, వేలికి కట్టుతో. 'ఏ తండ్రీ ఇవ్వని కాగితం' అని పెద్ద అక్షరాలు. మర్నాడు ఉదయం పది గంటలకి పరీక్షలు మొదలు. తాళాలమ్మాయి ఒళ్ళో పుస్తకం తెరిచి పెట్టుకుని చదువుకుంటోంది. నేను హలో, హలో అంటే తల ఎత్తి చెయ్యి ఊపింది.

"ఈ పిల్లల కన్నతండ్రులు వదిలేసి వెళ్ళారు," అన్నారు మంత్రిగారు. "ఒక్కడంటే ఒక్కడు ఒక ముక్క రాసిచ్చాడా? నేను రాసిచ్చాను. వేలు వాచినా రాసిచ్చాను. ధైర్యంగా చెబుతున్నాను, నేను వీళ్ళ నాన్నను కాను."

హాలు దద్దరిల్లింది. ముందు కుర్చీలోంచి డైరెక్టరు గారు నా వైపు సైగ చేశారు. వేళ్ళతో చూపించాను. పద్నాలుగు సెకన్లు. ఆయన మెచ్చుకోలుగా తల ఊపారు. నాన్నను అన్నప్పటి కంటే ఐదు ఎక్కువ.

ఆ చప్పట్లు మంత్రిగారిని కదిలించేశాయి. కాగితం చూసి చదువుతున్న మనిషి కాగితం పక్కన పెట్టేశారు. మైకు స్టాండు నుంచి ఊడదీసుకుని వేదిక అంచుకి వచ్చారు.

"కానీ ఒక్క మాట," అన్నారు. "నాన్నను కాకపోవచ్చు. అంతమాత్రాన వీళ్ళని వదిలేస్తానా? ఈ క్షణం నుంచి, నేను వీళ్ళ మేనమామను."

డైరెక్టరు గారు జేబులోంచి పెన్ను తీశారు. వెనక వరసలో గుమాస్తా రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

తాళాలమ్మాయి పుస్తకం మూసింది. బ్యాగు తెరిచి హాల్ టికెట్ ఉందో లేదో చూసుకుని, దాన్ని పుస్తకం మధ్యలో పెట్టి, లేచి నిలబడింది. ఆమె పక్కనున్న పిల్ల లేచింది. ఆ పక్క కుర్రాడు లేచాడు. వరస వెంట వరస, బ్యాగులు భుజాన వేసుకుంటూ మూడువందల పద్దెనిమిది మందీ లేచారు. చప్పుడు చేయకుండా వెనక తలుపు వైపు నడక మొదలుపెట్టారు, కాస్త తొందరగానే.

"చూశారా," అన్నారు మంత్రిగారు, వాళ్ళ వైపు చెయ్యి చూపిస్తూ. "పిల్లలు లేచి నిలబడ్డారు."

చప్పట్లు మళ్ళీ మొదలయ్యాయి. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను.